మంచు పట్టని నేల

నాకు కుళ్లు ఎక్కువ. ఈ మాట మా అత్త బతికున్నప్పుడు పదిమందిలో అనేది, నేను మూతి తిప్పుకునేదాన్ని. ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను. మిగతా ఆడవాళ్లకు తోటికోడలి మీదో, పక్కింటామె కొత్త చీర మీదో కుళ్లు పుడుతుంది. నాకు పుట్టింది మూతపడిన ఒక బొగ్గుబాయి మీద, దాని కింద ఏళ్ల తరబడి ఆరకుండా కాలుతున్న మంట మీద, ఆ మంట అంచున ఇల్లు కట్టుకొని కదలకుండా కూర్చున్న ఒక మనిషి మీద.

మాది నకిరేకల్‌కు దగ్గర్లో మగ్గాల ఊరు. మా పుట్టింట్లో నాయిన నేస్తే అమ్మ కండెలు చుట్టేది. ఒకరి పని ఆగితే రెండోవారి చెయ్యి ఆగేది కాబట్టి, పోట్లాడుకున్న రోజు కూడా వాళ్లకు మాట్లాడుకోక తప్పేది కాదు. పెళ్లంటే అదేనని నేననుకున్నాను. నా పెళ్లయిన మూడో ఏడు నూలు దొరక్క మగ్గం ఆగిపోతే, మా ఆయన బొగ్గుబాయిలో పనికి పోయాడు. "ఒక్క ఏడాది చేసి వస్త" అన్నాడు. ఇరవై రెండేళ్లు చేశాడు. ముసలి అత్తను, మగ్గాన్ని విడిచి నేను వెళ్లలేకపోయాను. ఆయన దసరాకు వచ్చేవాడు, మధ్యలో చుట్టాల్లో ఎవరైనా పోతే వచ్చేవాడు. నేను గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకొని నేస్తూ కూర్చున్నాను.

వచ్చినప్పుడల్లా ఆయన నోట ఒకటే మాట, "మా జోడి". బాయిలో బొగ్గు ఎత్తే పని ఇద్దరిద్దరికి కలిపి ఇచ్చేవాళ్లట. ఒకడు పారతో తట్ట నింపితే రెండోవాడు మోసి పట్టాల మీద నిలిపిన టబ్బులో పోయాలి. పైకప్పు పెళ్ల రాలే ముందు చిన్న చప్పుడవుతుంది. అది ఎవరి చెవిన ముందు పడితే వాడు రెండోవాణ్ని లాక్కొని పరుగెత్తాలి. జోడి కుదిరితే ఏళ్లకేళ్లు మార్చుకోరు. మా ఆయన జోడి పాలమూరు మనిషి, షాద్‌నగర్ దిక్కు, గుంట భూమి లేని కిరస్తానం ఇంటివాడు. "నేను తినకుంటే వాడు తినడు" అని ఈయన మురిసిపోతూ చెప్పేవాడు. అది విన్న రోజు రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఈయన నిండుగా తిని పడుకున్నాడు.

వాళ్లకు జోడిమాట అని ఒకటుంది. ఇద్దరూ కలిసి మొదటిసారి బాయి దిగిన రోజు ఒకరి అరచేతిలో ఇంకొకరు బొగ్గుపెళ్ల పెట్టుకొని మాట ఇచ్చుకుంటారట. ఎవడు ముందు పోతే వాడి ఇంటిని రెండోవాడు చూసుకోవాలి. నా చేతిలో పసుపుతాడు తప్ప ఈయన ఏమీ పెట్టలేదని ఆ రోజు గుర్తొచ్చింది.

ఆ బాయిలో తవ్వి వదిలేసిన ఒక మూల బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంది. గోడలు కట్టారు, ఇసుక నింపారు, నీళ్లు పంపారు. ఆరలేదు. చివరికి బాయినే మూసేశారు. మా ఆయన పని విడిచి ఇంటికొచ్చాడు. అతని జోడి మాత్రం బాయి పక్కన సొంతంగా కట్టుకున్న రెండర్రల ఇంట్లోనే ఉండిపోయాడు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో అతను చనిపోయాడు. ఈయన పదిరోజులు అక్కడే ఉండి, గడ్డం పెంచుకొని తిరిగొచ్చాడు. మా అత్త పోయినప్పుడు మూడో రోజే గీసుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతి చలికాలం అక్కడికి వెళ్లడం మొదలైంది. కింద మంట పాకుతూ వస్తోంది. అధికారులు ఎంతదాకా వచ్చిందో యంత్రాలతో చూసి, ఎర్రరంగు వేసిన రాళ్లు పాతి, ఇళ్లు ఖాళీ చేయమన్నారు. అందరూ పోయారు. జోడి పెళ్లాం కదల్లేదు. "అన్న వచ్చి నేల వేడైందంటెనే లేస్త" అన్నదట. అన్నంటే మా ఆయన. పాత బొగ్గుబాయి మనుషులకు అదొక నమ్మకం. కింద ఏళ్లు పనిచేసినవాడు వట్టికాళ్లతో నడిస్తే, మంట ఎక్కడిదాకా వచ్చిందో ఆ కాళ్లకు తెలుస్తుందట. "మిషిన్ తప్పు చూపిస్తదేమో గని, కాలు చూపియ్యదు" అని ఈయన గర్వంగా చెప్పేవాడు. ఏటా వెళ్లి ఆమె ఇంటి చుట్టూ నడిచి, ఇంకా చల్లగానే ఉందని చెప్పి వచ్చేవాడు.

ఆమె అన్న అని పిలుస్తోంది కదా, నా కుళ్లు తగ్గాలి. తగ్గలేదు. మొదటి ఏడు ఈయన "ఆమెకొక చీర నెయ్యి, తీసుకపోయి ఇస్త" అన్నాడు. నేశాను. కానీ కొంగు దగ్గర కావాలనే దెబ్బ వదులుగా కొట్టాను, రెండు ఉతుకులకే పోగులు జరిగిపోవాలని. ముప్పై ఏళ్లు నేసిన చేతులతో చేసిన పని అది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఈయనకు షుగర్ వచ్చింది. ఒకరోజు బస్టాండుకు పోతుంటే ఈయన ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. ఈయనకు తెలియలేదు. పది పదిహేను అడుగులు అట్లాగే నడిచిపోయాడు. నేను వెనక నుంచి చెప్పు పట్టుకొని పరుగెత్తాను. నల్గొండ దవాఖానలో డాక్టరు కళ్లు మూసుకోమని పాదాల్లో సూది గుచ్చి చూశాడు. నాలుగైదుసార్లు గుచ్చాక మా ఆయన కళ్లు మూసుకొనే అడిగాడు. "ఎప్పుడు గుచ్చుతరు సారూ?"

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నా కాళ్లు మొద్దువారినయని ఎవ్వలకు తెల్వద్దు."

పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకొక్కదానికే ఇచ్చిన సంగతి అది. జాలి కలగడానికి ముందు నాకు సంతోషం కలిగింది. సిగ్గుపడవలసిన మాటే, కానీ జరిగింది చెబుతున్నాను. ఇక అక్కడికి పోవడం మానేస్తాడని కూడా అనుకున్నాను. మానలేదు. ఆ చలికాలం కూడా వెళ్లి, నడిచి, "సల్లగనే ఉంది" అని చెప్పి వచ్చాడు. సూది వేరు, వేడి వేరు అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అది తప్పని నాకు తెలుసు. పొయ్యి మీంచి దింపిన గిన్నెకు కాలు తగిలి బొబ్బ లేచినా తెలియని మనిషి ఆయన. అయినా నేను నోరు మెదపలేదు. నేల చల్లగా ఉన్నన్నాళ్లు ఆమె అక్కడుంటుంది, నా మొగుడు ఇక్కడుంటాడు. నా లెక్క అంతే.

మరుసటి చలికాలం ఈయన కొత్త మాట తెచ్చాడు. "రాళ్లు ఆమె గడప దాక వచ్చినయట. ఈసారి నేల వేడుంటే మన ఇంటికే తీసుకొస్త. ముందటి అర్ర ఖాళీనే కద."

"ఆమె బిడ్డ షాద్‌నగర్‌ల ఉంది కద, ఆడికి పోవచ్చు."

"బిడ్డది, అల్లునిది కంపెనీ పని. ఒక్క అర్రల కిరాయికుంటున్నరు. మల్ల నేనిచ్చిన మాటేంగావాలె?"

"సల్లగుంటే?"

"సల్లగుంటే ఆడనే ఉంటది."

నా ఒళ్లు మండిపోయింది. ఆమె ఆ మంట మీద ఉండాలా, నా ఇంటికి రావాలా అన్నది, సూది గుచ్చినా తెలియని ఈ కాళ్లు చెప్పాలి. ఈసారి నేనూ వస్తానన్నాను. ఈయన విచిత్రంగా చూసి, సరేనన్నాడు.

సూర్యాపేటలో బస్సు మారి, ఖమ్మం దాటి, సాయంత్రానికి అక్కడికి చేరాం. ఆ రాత్రి పక్క ఊళ్లో, ఈయనతో బాయిలో పనిచేసిన ఒకాయన ఇంట్లో పడుకున్నాం. తెల్లారి పొద్దుపొడుపు వేళ నేనా నేలను మొదటిసారి చూశాను. ఇన్నేళ్లు నేను మనసులో తిట్టుకున్నది దీన్నేనా అనిపించింది. మంట లేదు. ఎక్కడా ఎర్రగా లేదు. బీడు భూమి, ముళ్లచెట్లు, తెగిన కంచె, ప్రమాదం అని రాసిన ఒక రేకు. గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకొని ఉంది. అయితే మధ్యలో ఒకచోట మంచు లేదు. ఆ మంచు లేని పట్టీ వంకరలు తిరుగుతూ పొదల్లోంచి ఇళ్ల దిక్కు వచ్చింది. దాని మీద నాలుగు కుక్కలు వెచ్చగా ముడుచుకొని పడుకున్నాయి. నేలలో నెర్రెలున్నచోట సన్నగా ఆవిరి లేస్తోంది. నెర్రె అంచులు పసుపుపచ్చగా గడ్డకట్టి ఉన్నాయి. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన గొంతులో గరగరలాడింది. రెండు వేపచెట్లు వేళ్లు కాలిపోయి పక్కకు ఒరిగాయి, ఆకులు మాత్రం ఇంకా పూర్తిగా రాలలేదు.

మా ఆయన చెప్పులు విడిచి ముందు నడిచాడు. పైన నడుస్తున్నాడు కానీ మనిషి కిందనే ఉన్నాడు. "గీడ మూడో డిప్పు, కిందికి దిగే తొవ్వ. గీడికెల్లి ఎడమకు మలిగితే మా పనిజాగ. గీడ కూసొని సద్ది తింటుంటిమి" అని నేలకు వేలు చూపిస్తూ పోతున్నాడు. ఏ చెట్టూ పుట్టా గుర్తు లేకుండానే ఎక్కడ మలగాలో ఆయనకు తెలుసు. మా ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో ఇప్పటికీ నన్నడుగుతాడు. నేను ఆ మట్టి వైపు చూశాను. నా మొగుడి వయసంతా దాని కింద ఉంది, అదీ కాలిపోతోంది. నాకు ఇవ్వకుండా దాచిపెట్టుకున్నది నీకూ దక్కలేదులే అని ఆ నేలనే దెప్పాలనిపించింది.

ఆమె తన ఇంటి ముందు నిలబడి ఉంది. బక్కగా, నాకంటే నాలుగైదేళ్లు చిన్నదిగా ఉంది. నేను నేసిన చీరే కట్టుకుంది. కొంగు దగ్గర పోగులు జరిగినచోట సన్నటి దారంతో, చూస్తే తప్ప తెలియనంత నేర్పుగా కుట్టుకుంది. నాకు ముందు సిగ్గేసింది. తర్వాత, ఒక్క మాటైనా అనకుండా కుట్టుకున్నందుకు కోపమొచ్చింది. "మంచిగున్నవా వదినా" అని నా చేతులు పట్టుకుంది. మంచిగనే ఉన్న అన్నాను.

ఈయన ఇంటి చుట్టూ మెల్లగా నడిచాడు. బట్టలుతికే బండ దగ్గర ఆగి, కళ్లు మూసుకొని నిలబడ్డాడు. ఆమె ఆయన మొహం వైపే చూస్తోంది. నేనూ చెప్పులు విడిచి ఆయన వెనకే నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా గుంటలో తొక్కుడుకర్రల మీద ఆడిన పాదాలు నావి, తొక్కడంలో వెంట్రుకంత తేడా ఉన్నా తెలిసిపోతుంది. బండ పక్కన మట్టి వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే లేచి వెళ్లిన చాప మీద కాలు పెట్టినట్టుంది. గోడ వారకు జరిగాను. అక్కడ ఇంకా వేడిగా ఉంది.

"ఇంకా సల్లగనే ఉంది చెల్లె. ఫికర్ జెయ్యకు" అన్నాడు మా ఆయన.

నేను చెప్పులు తొడుక్కున్నాను.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాం. ఆమె ఈయనకు పీట వేసింది, నాకు రెండు గోనెసంచులు మడిచి వేసింది. నీళ్లకుండ నేల మీద లేదు, ఇటుకలు పేర్చి వాటి మీద మంచంకోడంత ఎత్తున పెట్టింది. పడుకునే మంచం కాళ్ల కింద కూడా ఇటుకలున్నాయి. ఆమె కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకుంటుంటే, నేను గోనెసంచి పక్కన అరచెయ్యి ఆనించి చూశాను. ఎక్కువసేపు ఉంచలేకపోయాను. ఈ ఇంటి నేల ఎప్పుడైనా కుంగవచ్చు. ఈమె ఇందులో పడుకుంటోంది. ఒక్క మాట చెబితే రేపు నా ముందటి అర్రలో పడుకుంటుంది. రెండూ నా కళ్ల ముందు కనబడుతున్నాయి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

తిన్నాక ఈయన మంచం మీద ఒరిగి నిద్రపోయాడు. ఆమె గిన్నెలు తీసుకొని బండ దగ్గరికి పోయింది. నేను వెనకే వెళ్లాను. తోముతున్న గిన్నె ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"నీ ఇంటి కింద కాలుతాంది."

"తెలుసు వదినా."

"మా ఆయన కాళ్లకు తెల్వది. షుగర్‌తోని మొద్దువారినయ్."

"గది గూడ తెలుసు."

ఎట్ల తెలుసని అడిగాను. పోయినసారి వచ్చినప్పుడు నడిచి వచ్చి గడప మీద కూర్చుని ఛాయ్ తాగుతూ ముచ్చట చెబుతున్నాడట. మడమలో పొడుగాటి ముల్లు దిగబడి నెత్తురు కారుతోందట. ఆయనకు తెలియదు. ఆమె కింద కూర్చుని, ముల్లు తీసి, కడిగి, పసుపు పెట్టిందట. అప్పటికీ ఆయనకు తెలియలేదు, ముచ్చట ఆపలేదు. నేను ఆ మడమకు ఏడాదిగా నూనె రాస్తున్నాను. నాకొక్కదానికే తెలుసని, ఈ లోకంలో ఆయనది నా దగ్గర మాత్రమే ఉన్నది ఒకటుందని, ఆ ధైర్యంతోనే ఇక్కడికొచ్చాను. అదీ పోయింది.

"తెలిసి ఎందుకు చెప్పలే? సచ్చిపోవాలనా ఈడ?" అని అరిచాను.

"చెప్తే మల్ల రాడు కద" అన్నదామె. "నా పెనిమిటి బాయిల ముచ్చట ఒక్కటి నాకు చెప్పలే వదినా. ఇంటికొస్తే తినుడు, పండుడు. ఏది చెప్పినా మీ ఆయనకే చెప్పిండు. గవన్ని అన్న వచ్చి చెప్తుంటే ఇంటున్న. సచ్చినంక తెలుస్తున్నడు నాకు నా మొగడు. అన్న మీద కుళ్లుకుంటనే ఇంటున్న."

ఆమె నా చేతిలోంచి గిన్నె తీసుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టింది. తోముతూనే అంది. "జోడిమాట మొగోళ్లది. ఇల్లు నీది. నువ్వు రమ్మంటెనే వస్త, లేకుంటే రాను."

ఆమె ముఖంలో వేడుకోలు లేదు. ఉంటే కాదనడం సులువయ్యేది. నేను బండ మీద కూర్చున్నాను. బండ కూడా వెచ్చగానే ఉంది. పాడు బండ, పాడు ఊరు అని గొణుక్కున్నాను. "రేపు ఎన్ని గంటలకు బస్సు?" అని అడిగాను.

కానీ నేల వేడైందని చెప్పాల్సింది మా ఆయన. ఆమె నోట వచ్చినా, నా నోట వచ్చినా ఆయన కాళ్ల సంగతి బయటపడుతుంది. సాయంత్రం నేనాయన్ను లేపి, మళ్లీ ఒకసారి చూద్దాం పద అన్నాను. ఆమె లోపలే ఉండిపోయింది. బండ దాటి గోడ వారకు వచ్చాక, చెప్పులు విడిచి కాలు పెట్టి, ఎగిరి గంతేశాను.

"అబ్బో! కాలుతాందయ్యా!"

నాకు నటన చేతకాదు. ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తన పాదాల వైపు చూసుకున్నాడు. వాటిని మట్టిలో అటూ ఇటూ రుద్దాడు. ఆ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"అవు. వేడిగనే ఉంది" అన్నాడు. తర్వాత ఇంటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "చెల్లె, సామాను సదురుకో."

మర్నాడు బస్సులో నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "నిజంగనే కాలిందా?"

"కాలింది."

నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని సూర్యాపేట దాకా వచ్చాడు. ఆ నాలుగైదు గంటలు నేనే ఆయన జోడిని. ఆమె ముందు సీట్లో మూటలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది.

ఆమె వచ్చి రెండేళ్లవుతోంది. ముందటి అర్రలో ఉంటుంది. నకిరేకల్ మార్కెట్‌లో నిమ్మకాయలు ఏరే పనికి పోతుంది, ఆదివారం ప్రార్థనకు పోతుంది. వాడకట్టువాళ్లు అనవలసినవన్నీ అన్నారు, అలిసిపోయి ఊరుకున్నారు. నేనూ ఆమే కలిసి వండుకుంటాం. ఆమె కూర నాకంటే బాగా చేస్తుంది, అదొకటి.

మొన్న సాయంత్రం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. బాయిలో నీళ్లు పొంగిన రోజు గురించి మా ఆయన చెబుతున్నాడు. వాళ్లిద్దరూ టబ్బు మీదకెక్కి పొద్దంతా కూర్చుని, ఉన్న ఒక్క జొన్నరొట్టె చెరి సగం తిన్న ముచ్చట. ఆయన బాయికి పోయిన కొత్తల్లో ఒకసారి విన్నాను, తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నాకు ప్రతి మాటా నోటికి వచ్చు.

"రొట్టె గాదన్నా" అన్నదామె, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా. "ఆ దినం మక్కగట్క ఉడకేసి కట్టిచ్చిన. జొన్నలు అయిపోయినయ్."

మా ఆయన ఆగాడు. ఆలోచించాడు. మొహం విప్పారింది. "అవు చెల్లె, గట్కనే! మామిడికాయ తొక్కుతోని!"

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాలని చూశాను. ఇన్నేళ్లు నేను రొట్టె అనే నమ్మాను. ఆయన ఏది ఎట్లా చెబితే అట్లాగే నమ్మాను. తప్పని తెలియాలంటే అప్పుడు అక్కడ ఉండి ఉండాలి. నేను లేను.